నీతి పాఠాలు, మతబోధ పెడితే పిల్లల్లో నేరాలు తగ్గుతాయా?

మీ ప్రశ్న ఇదీ: పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు దొంగతనాల్లో, కొట్లాటల్లో పట్టుబడుతున్నారు. బడిలో వారానికో పీరియడ్ నీతి పాఠం, దాంతోపాటు మతబోధ కూడా తప్పనిసరి చేస్తే ఇది తగ్గుతుందా? పెడితే ఎలా పెట్టాలి?

కేసుల్లో ఇరుక్కున్న పిల్లలకు కౌన్సెలింగ్ చెయ్యడం నా వృత్తి. వాళ్ళతో, వాళ్ళ అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడటంలోనే నా ఉద్యోగ జీవితం గడిచింది. కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. విలువలు నేర్పితే నేరాలు తగ్గే మాట నిజమే. కానీ పీరియడ్ పెట్టి, పుస్తకం ఇచ్చి, పరీక్ష రాయించే పద్ధతిలో దాదాపుగా తగ్గవు. మతం సంగతీ అంతే. ఎవరు చెప్తున్నారు, పిల్లాడికి వాళ్ళంటే గురి ఉందా, చెప్పిందాన్ని రోజువారీ బతుకులో చేసి చూసే వీలుందా అన్నదాన్ని బట్టి ఫలితం పూర్తిగా మారిపోతుంది.

ఈ పిల్లలకు మంచీ చెడూ తెలియవని చాలామంది అనుకుంటారు. తెలుసు. దొంగతనంలో దొరికిన కుర్రాణ్ణి "దొంగతనం తప్పా?" అని అడగండి, "తప్పే సార్" అంటాడు. కాదన్నవాడు నాకు చాలా అరుదుగా తగిలాడు. తన చెల్లెలి ఫోన్ ఎవడైనా కొట్టేస్తే వాణ్ణి చితక్కొట్టాలని కూడా అంటాడు. తప్పని తెలిసీ చేశాడంటే, ఆ పూటకి తనకు తాను ఏదో సర్దిచెప్పుకున్నాడని అర్థం.

1957లో గ్రెషమ్ సైక్స్, డేవిడ్ మాట్జా అనే ఇద్దరు అమెరికన్ సామాజిక శాస్త్రవేత్తలు ఈ సర్దిచెప్పుకోవడాన్ని ఐదు రకాలుగా విడదీశారు. వాళ్ళ శాస్త్రభాష పక్కన పెట్టి, పిల్లల నోట వినబడే మాటల్లోనే చెప్తాను. "నా చేతుల్లో ఏముంది, టైమ్ అలా వచ్చింది." "వాళ్ళకేం పోయింది, డబ్బున్నోళ్ళేగా." "వాడు చేసినదానికి వాడికి అలాగే కావాలి." "పెద్దోళ్ళు చెయ్యట్లేదా? నన్నే ఎందుకు అంటారు?" "ఫ్రెండ్ కోసం వెళ్ళాను, వాణ్ణొక్కణ్ణీ వదిలేస్తానా?" ఇన్నేళ్ళలో నేను విన్న సంజాయిషీలన్నీ దాదాపుగా ఈ ఐదింట్లో ఇమిడిపోతాయి. ఆఖరిదాన్ని కాస్త ఆగి చూడండి. అది నీతి లేకపోవడం కాదు, విలువే. స్నేహితుణ్ణి వదిలెయ్యకూడదన్న విలువ. అంటే ఆ కుర్రాడు విలువలు లేక తప్పు చెయ్యలేదు, రెండు విలువలు ఎదురుబదురు నిలబడినప్పుడు ఒకదాన్ని ఎంచుకున్నాడు.

మన నీతి పాఠం "దొంగతనం చెయ్యకూడదు" అనే దగ్గరే ఆగిపోతుంది. ఆ వాక్యంతో కుర్రాడికి పేచీ లేదు. తన కేసు ఆ వాక్యం కిందకి రాదని అతని వాదన. ఆ వాదన దాకా వెళ్ళని పాఠం ఎంత బాగా చెప్పినా అతణ్ణి తాకదు.

మతం నేర్పితే ఈ సాకులు వాటంతటవే పోతాయా అంటే, పోవు. 2013లో వచ్చిన ఒక అధ్యయనం అట్లాంటా నగరంలో వీధి నేరాల్లో బాగా మునిగిన 48 మందిని కూర్చోబెట్టి మాట్లాడించింది. వాళ్ళలో చాలామంది దేవుణ్ణి నమ్మేవాళ్ళే. ఆ నమ్మకాన్నే సాకుగా వాడుకుంటున్నారు. దేవుడు అన్నీ క్షమిస్తాడు, చివర్లో పశ్చాత్తాపపడితే చాలు, చెడ్డవాణ్ణి దోచుకుంటే దేవుడేమీ అనుకోడు, ఈ ధోరణిలో సాగాయి వాళ్ళ మాటలు. క్షమాపణ గురించి విన్నారు, జరిగిన నష్టం తీర్చాలన్నది వదిలేశారు. మతబోధ చేసేవాళ్ళు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. సగం విన్న బోధ అసలు విననిదానికన్నా ప్రమాదం కావచ్చు.

నీతి తెలియడానికీ నీతిగా నడుచుకోవడానికీ ఉన్న దూరం కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1920లలో హ్యూ హార్ట్‌షోర్న్, మార్క్ మే అనే పరిశోధకులు పదివేలకు పైగా పిల్లల్ని పరీక్షించారు. పరీక్షలో కాపీ కొట్టే వీలు, ఆటలో మోసం చేసే వీలు, డబ్బులు జేబులో వేసుకునే వీలు, ఇలా రకరకాల సందర్భాలు కల్పించి ఎవరేం చేస్తారో చూశారు. 1928 నుంచి 1930 మధ్య వచ్చిన ఫలితాలు చూసి నీతి బోధకులు ఖంగుతిన్నారు. క్లాసులో కాపీ కొట్టని పిల్లాడు ఆటలో మోసం చేశాడు. ఆటలో నిజాయితీగా ఉన్నవాడు ఇంకోచోట అబద్ధమాడాడు. నీతి ప్రశ్నలకు మంచి జవాబులు రాసినవాళ్ళు నడతలో మిగతావాళ్ళకన్నా పెద్దగా మెరుగ్గా లేరు. ఆదివారం మతపాఠశాలకు వెళ్ళడం కూడా చెప్పుకోదగ్గ తేడా చూపలేదు. సందర్భం, పక్కనున్నవాళ్ళు, ఆ తరగతి వాతావరణం, వీటి ప్రభావమే ఎక్కువగా కనిపించింది. ఆ తర్వాత ఈ పరిశోధన మీద విమర్శలు వచ్చాయి, వేర్వేరు సందర్భాలన్నీ కలిపి చూస్తే మనిషి స్వభావంలో కొంత నిలకడ ఉందని తర్వాతివాళ్ళు చూపించారు. అయినా నీతి పరీక్షలో వచ్చిన మార్కుల్ని బట్టి నడతను ఊహించలేమన్న మాట మాత్రం చెక్కుచెదరలేదు.

అయితే మతం దండగా? అలా అనను. ఇక్కడ లెక్కలు కొంచెం ఓపిగ్గా చూడాలి.

1969లో ట్రావిస్ హిర్షీ, రాడ్నీ స్టార్క్ అనే సామాజిక శాస్త్రవేత్తలు కాలిఫోర్నియాలోని వేలాది విద్యార్థుల వివరాలు తీసుకుని, చర్చికి వెళ్ళేవాళ్ళకీ వెళ్ళనివాళ్ళకీ, పరలోకంలో శిక్ష ఉంటుందని నమ్మేవాళ్ళకీ నమ్మనివాళ్ళకీ చిల్లర నేరాల్లో తేడా లేదని తేల్చారు. అది పెద్ద దుమారం రేపింది. 1974లో ఇంకో ఇద్దరు పరిశోధకులు మద్యం, గంజాయి లాంటి విషయాల్లో మాత్రం మతం ప్రభావం స్పష్టంగా ఉందని చూపించారు. దొంగతనం, కొట్లాట తప్పని సమాజమంతా చెప్తూనే ఉంటుంది, అక్కడ మతం అదనంగా చెప్పేది తక్కువ. మద్యం విషయంలో సమాజం చూసీచూడనట్టు ఉంటుంది, అక్కడ మతం మాటకు బరువుంటుంది. తర్వాత స్టార్క్ తన ఫలితాన్ని తనే సరిదిద్దుకున్నాడు. చుట్టుపక్కల ఎక్కువమంది నిష్ఠగా ఉండే చోట మతం పనిచేస్తుంది, పిల్లాడొక్కడే భక్తుడై స్నేహితులెవరికీ పట్టకపోతే పనిచెయ్యదు అన్నాడు. నా అనుభవానికి బాగా దగ్గరగా ఉన్న మాట ఇదే. 2001లో 60 అధ్యయనాల్ని కలిపి చూసిన ఒక విశ్లేషణ కూడా మతానికి ఓ మోస్తరు నిరోధక ప్రభావం ఉందనే చెప్పింది. అద్భుతమేమీ కాదు, సున్నా కూడా కాదు.

ఒక మెలిక మాత్రం మర్చిపోకూడదు. గుడికో, మసీదుకో, చర్చికో క్రమం తప్పకుండా వెళ్ళే పిల్లల వెనక సాధారణంగా వాళ్ళను తీసుకెళ్ళే పెద్దవాళ్ళుంటారు. ఆ ఇంట్లో ఒక దినచర్య ఉంటుంది, పిల్లాడు సాయంత్రం ఎక్కడున్నాడో ఎవరికో ఒకరికి తెలిసి ఉంటుంది. తగ్గుదలలో భక్తి వాటా ఎంత, ఆ ఇంటి వాటా ఎంత అన్నది విడదీయడం కష్టం. అందుకే "మతపరమైన పిల్లలు నేరాలు తక్కువ చేస్తున్నారు, కాబట్టి అందరికీ మతబోధ తప్పనిసరి చేద్దాం" అనే తర్కం నిలవదు. తప్పనిసరి పీరియడ్ ఆ ఇంటిని తెచ్చివ్వలేదు.

మతం పనిచేసిన చోట ఏం పనిచేస్తుందో నాకు అర్థమైనంతలో చెప్తాను. పిల్లాడికి పేరు పెట్టి పిలిచే పెద్దలు నలుగురు దొరుకుతారు. వేరే రకం స్నేహితులు దొరుకుతారు. సాయంత్రాలు ఖాళీగా ఉండవు. ఉపవాసమో, ప్రార్థనో, సేవో ఏదో ఒకటి క్రమం తప్పకుండా చెయ్యడంలో కోరికను కాసేపు ఆపుకునే సాధన జరుగుతుంది. ఇంకోటి కూడా ఉంది, దీన్ని తక్కువగా అంచనా వేస్తారు: తప్పు చేసినవాడు తిరిగి మంచివాడు కావచ్చనే కథ మతం దగ్గర ఉంటుంది. కేసు పడిన కుర్రాడికి సమాజం ఇచ్చే బిరుదు "దొంగ" ఒక్కటే. "నువ్వు మారిన మనిషివి" అనగలిగే చోటు అతనికి చాలా అవసరం. ఆస్ట్రేలియా నేరశాస్త్రవేత్త జాన్ బ్రెయిత్‌వెయిట్ 1989లో చెప్పిందీ ఇలాంటిదే: చేసిన పనిని తప్పుపట్టి మనిషిని దగ్గరకు తీసుకునే సిగ్గు నేరాన్ని తగ్గిస్తుంది, మనిషినే వెలివేసే సిగ్గు పెంచుతుంది.

దీనికి సరిగ్గా ఎదురు పనులు చాలాచోట్ల విలువల పేరుతోనే జరుగుతుంటాయి. ప్రార్థన సమావేశంలో అందరి ముందు నిలబెట్టి తిట్టడం, తప్పు చేసిన పిల్లల్ని విడిగా ఒక బ్యాచ్‌గా చేసి వాళ్ళకే నీతి తరగతి పెట్టడం, నరకం బొమ్మలు చూపించి భయపెట్టడం. భయం గురించి మనకు గట్టి సాక్ష్యమే ఉంది. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని రావే జైల్లో 1970లలో ఒక కార్యక్రమం మొదలైంది. దారి తప్పుతున్న పిల్లల్ని జైలుకు తీసుకెళ్తారు, యావజ్జీవ ఖైదీలు వాళ్ళ మీద కేకలేసి జైలు బతుకు ఎంత ఘోరమో చెప్తారు. 1978లో దాని మీద తీసిన డాక్యుమెంటరీకి ఆస్కార్ కూడా వచ్చింది, దేశమంతా పాకింది. తీరా చీటీ వేసినట్టు పిల్లల్ని రెండు గుంపులుగా విడదీసి పోల్చిన అధ్యయనాల్ని కలిపి చూస్తే, ఆ జైలుకు వెళ్ళొచ్చిన పిల్లలే వెళ్ళనివాళ్ళకన్నా ఎక్కువ నేరాలు చేశారు. ఏమీ చెయ్యకుండా వదిలేసినా నయంగా ఉండేది.

విడి బ్యాచ్ గురించి కూడా ఒక పాత పాఠముంది. మసాచుసెట్స్ రాష్ట్రంలో 1939లో 506 మంది అబ్బాయిల్ని తీసుకుని సగంమందికి ఏళ్ళ తరబడి మార్గదర్శకుల్ని పెట్టారు, ట్యూషన్లు చెప్పించారు, వేసవి శిబిరాలకు పంపారు. అంతా మంచి మనసుతో చేసిందే. ముప్ఫై ఏళ్ళ తర్వాత జోన్ మెకార్డ్ అనే నేరశాస్త్రవేత్త వాళ్ళను వెతికి చూస్తే, సాయం పొందినవాళ్ళే తాగుడు, మళ్ళీ మళ్ళీ నేరం చెయ్యడం లాంటి విషయాల్లో కొంచెం అధ్వాన్నంగా ఉన్నారు. శిబిరాలకు ఒకటికన్నా ఎక్కువసార్లు వెళ్ళినవాళ్ళలో ఇది మరీ కనిపించింది. అల్లరి పిల్లల్ని ఒకచోట చేర్చితే ఒకరి గొప్పలు ఇంకొకరికి పాఠాలవుతాయన్నది తర్వాతి పరిశోధకుల వివరణ. మీరు "ప్రవర్తన బాగాలేని పిల్లలకు ప్రత్యేక నైతిక శిబిరం" లాంటిది ఆలోచిస్తుంటే దయచేసి మానుకోండి.

ఇప్పుడు వయసు సంగతి. "మొక్కై వంగనిది మానై వంగునా" అంటూ పదహారేళ్ళవాణ్ణి వదిలేసే పెద్దల్ని చాలామందిని చూశాను. నేరాల విషయంలో ఈ సామెత తప్పు. నేరం చేసే ధోరణి కౌమారం చివర్లో శిఖరానికి వెళ్ళి, ఇరవైల్లో దిగిపోతుంది. చాలా దేశాల్లో, చాలా కాలాల్లో ఇదే తీరు. మనస్తత్వ శాస్త్రవేత్త టెరీ మాఫిట్ 1993లో చెప్పినట్టు, చాలామందికి ఇది ఆ వయసుతో వచ్చి ఆ వయసుతో పోయే వ్యవహారం, కొద్దిమందికే చిన్నప్పటి నుంచి మొదలై పెద్దయ్యాక కూడా సాగుతుంది. ఫిలడెల్ఫియాలో 1945లో పుట్టిన దాదాపు పదివేలమంది అబ్బాయిల రికార్డులు పరిశీలిస్తే, అందులో 6 శాతం మందే సగానికి పైగా నేరాలు చేశారని తేలింది. ఆ 6 శాతం లాంటి పిల్లల్లో చాలామంది మీ నీతి పీరియడ్‌లో ఉండరు. అప్పటికే బడి మానేసి ఉంటారు. కాబట్టి తరగతి గది పాఠం నుంచి ఎంత ఆశించాలో ముందే తెలుసుకోండి. మామూలు పిల్లల్లో ఆ వయసులో జరిగే తప్పుల్ని అది కొంత తగ్గించగలదు. ముదిరిన కేసులకు ఇల్లు, చదువు, మత్తు, మానసిక ఆరోగ్యం అన్నీ కలిపి చూసే మనిషి కావాలి.

ఆ వయసు పిల్లల చేత తప్పు చేయించేది చాలాసార్లు పక్కనున్న స్నేహితుడు. 2005లో ఒక ప్రయోగంలో కారు నడిపే వీడియో గేమ్ ఆడించి చూశారు. ఒంటరిగా ఆడినప్పటికన్నా స్నేహితులు చూస్తున్నప్పుడు కౌమార పిల్లలు చాలా ఎక్కువ రిస్క్ తీసుకున్నారు, పెద్దవాళ్ళలో ఆ తేడా రాలేదు. ఒంటరిగా కూర్చుని పరీక్ష రాసేటప్పుడు ఉన్న వివేకం నలుగురి మధ్య ఉండదన్నమాట. కాబట్టి సాధన కూడా నలుగురి మధ్యే జరగాలి.

షికాగోలో "బికమింగ్ ఎ మ్యాన్" అనే కార్యక్రమం అలా నడుస్తుంది. అందులో ఒక ఆట నాకు చాలా ఇష్టం. ఇద్దరు అబ్బాయిల్లో ఒకడి గుప్పిట్లో బంతి పెడతారు, రెండోవాడికి ముప్ఫై సెకన్లలో దాన్ని తీసుకోమంటారు. వెంటనే లాగులాట, తోపులాట, నేలమీద దొర్లడం. అయిపోయాక పెద్దమనిషి నెమ్మదిగా అడుగుతాడు: "బంతి ఇవ్వమని ఎవరైనా అడిగారా?" ఎవరూ అడిగి ఉండరు. "అడిగితే చేతకానోడు అనుకుంటాడు" అంటారు. అవతలివాణ్ణి అడిగితే, "అడిగితే ఇచ్చేవాణ్ణేగా, మామూలు బంతే" అంటాడు. ఉపన్యాసం లేదు. తన తలలో ఏ లెక్క నడిచిందో కుర్రాడు తనే పట్టుకుంటాడు. చీటీ పద్ధతిలో జరిపిన రెండు అధ్యయనాల్లో, కార్యక్రమం నడిచిన కాలంలో హింసాత్మక నేరాల అరెస్టులు 45 నుంచి 50 శాతం తగ్గాయి. నేను దీన్నీ విలువల బోధ కిందే లెక్కేస్తాను. సహనం గొప్పదని చెప్పడం ఒకటి, చెయ్యి లేచే ముందు ఆ ఒక్క క్షణాన్ని పట్టుకోవడం నేర్పడం ఒకటి.

ఇక మీ బడికి వస్తాను. పాఠం ఎవరు చెప్పాలన్నది మొదట తేల్చండి. పీరియడ్ ఖాళీ ఉన్న టీచర్‌కి అంటగడితే ఆ రోజే అది చచ్చిపోతుంది. పిల్లలు ఎవరి దగ్గరకు వెళ్ళి తమ గొడవలు చెప్పుకుంటున్నారో చూడండి, ఆ మనిషి డ్రిల్లు మాస్టారైనా సరే, ఆఫీసు గుమస్తా అయినా సరే, ఆయనకే ఇవ్వండి.

పాఠం సూక్తితో మొదలుపెట్టకండి, సాకుతో మొదలుపెట్టండి. "ఫ్రెండ్ పిలిస్తే గొడవకి వెళ్ళాలా?" అని అడిగి వదిలెయ్యండి. మొదటి రెండు మూడు వారాలు పిల్లలు మీకు నచ్చే జవాబులు చెప్తారు. ఓపిక పట్టండి. ఎవడో ఒకడు నిజం మాట్లాడతాడు, అప్పుడు వాణ్ణి తిట్టకుండా ఉంటే మీ తరగతి మొదలైనట్టే. మత గ్రంథాల్లోని కథలు కూడా ఇక్కడ బాగా పనికొస్తాయి. మహాపురుషులు తప్పు చెయ్యబోయి ఆగిన చోట్లు, చేసి దిద్దుకున్న చోట్లు అన్ని మతాల్లోనూ ఉన్నాయి. కథ చెప్పి నీతి మీరు చెప్పెయ్యకండి, అదొక్కటి నేర్చుకోవడం టీచర్లకు చాలా కష్టం.

తప్పు జరిగినప్పుడు ఏం చేస్తారన్నది పాఠంకన్నా ముఖ్యం. న్యూజిలాండ్ 1989 చట్టంతో తప్పు చేసిన పిల్లాడు, అతని కుటుంబం, నష్టపోయినవాళ్ళు ఒకచోట కూర్చుని ఎలా సరిదిద్దాలో తేల్చుకునే పద్ధతి తెచ్చింది. బడి స్థాయిలో దీన్ని చిన్నగా చెయ్యొచ్చు. కిటికీ పగలగొట్టినవాణ్ణి వారం సస్పెండ్ చేస్తే వాడికి సెలవు దొరికినట్టు. ఎవరికి నష్టం జరిగిందో వాళ్ళ ఎదురుగా కూర్చుని వినడం, తన చేతులతో బాగుచెయ్యడం చాలా కష్టమైన శిక్ష, కానీ అది అయ్యాక వాడు మళ్ళీ అందరిలో ఒకడు. నష్టపోయినవాళ్ళు ఇష్టపడితేనే ఇది చెయ్యాలి, వాళ్ళను బలవంతపెట్టకూడదు.

బడిలో నిబంధనలు అందరికీ ఒకేలా ఉన్నాయా అన్నది కూడా చూసుకోండి. పలుకుబడి ఉన్నవాళ్ళబ్బాయికి ఒక న్యాయం, మిగతావాళ్ళకు ఒక న్యాయం నడిచే బడిలో నీతి పీరియడ్ పెడితే పిల్లలు నవ్వుకుంటారు. తనతో మర్యాదగా, న్యాయంగా వ్యవహరించారు అనిపించినప్పుడే మనుషులు చట్టాన్ని మనస్ఫూర్తిగా పాటిస్తారని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త టామ్ టైలర్ 1990 నుంచీ చెప్తూ వస్తున్నాడు. పిల్లలకు ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది, అన్యాయాన్ని వాళ్ళు చాలా త్వరగా పసిగడతారు.

మతబోధను తప్పనిసరి చెయ్యొద్దని నా సలహా. వేర్వేరు మతాల పిల్లలు, ఏ మతమూ లేని ఇళ్ళ పిల్లలు ఒకే తరగతిలో ఉన్నప్పుడు ఒక మతాన్ని రుద్దితే కొత్త గొడవకు మీరే తలుపు తీసినట్టు. బలవంతం మీద చేసిన ప్రార్థన లోపలికి ఇంకదు కూడా. బడిలో అన్ని మతాల గురించీ చెప్పండి, ఫలానా మతాన్ని ఆచరించమనడం ఇంటికీ ఆయా ప్రార్థనా స్థలాలకూ వదిలెయ్యండి. కానీ మత పెద్దల్ని దూరం పెట్టకండి. బోస్టన్‌లో 1992లో ఒక చర్చిలో అంత్యక్రియలు జరుగుతుంటే ముఠా కుర్రాళ్ళు లోపలికొచ్చి దాడి చేశారు. ఆ తర్వాత అక్కడి పాస్టర్లు కొందరు కలిసి రాత్రిళ్ళు వీధుల్లో తిరగడం, ఆ కుర్రాళ్ళతో మాట్లాడటం మొదలుపెట్టారు. తర్వాతి ఏళ్ళలో పోలీసులు, సామాజిక కార్యకర్తలు, ఈ పాస్టర్లు కలిసి పనిచేసిన కాలంలో అక్కడ యువకుల హత్యలు బాగా తగ్గాయి. ఆ ఘనతలో ఎవరి వాటా ఎంత అన్న వాదన ఇప్పటికీ ఉంది. మీ ప్రాంతంలోని మత పెద్దల్ని పిలిచి ఉపన్యాసం అడిగే బదులు, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా పిల్లలకు తలుపులు తెరిచి ఉంచగలరా అని అడగండి. కేసు పడి బయటికొచ్చిన ఒక్కో కుర్రాడి బాధ్యత ఒక్కో పెద్దాయన తీసుకోగలరా అని అడగండి.

ఫలితం ఎలా కొలుస్తారన్నది మీరు అడగలేదు గానీ చెప్తాను. మార్కులు పెట్టకండి. హాజరు పెరిగిందా, గొడవల మీద ఆఫీసుకొచ్చే ఫిర్యాదులు తగ్గాయా, తప్పు చేసిన పిల్లాడు తనంతట తానే వచ్చి చెప్పడం మొదలైందా, ఈ మూడూ రాసి పెట్టుకోండి. మొదటి టర్మ్‌లో ఫిర్యాదులు పెరగొచ్చు కూడా, ఎందుకంటే అప్పటిదాకా చెప్పనివాళ్ళు చెప్పడం మొదలుపెడతారు. అది చూసి కంగారుపడి కార్యక్రమం ఆపెయ్యకండి. రెండేళ్ళయినా నడపకుండా పనిచేసిందనీ లేదనీ తేల్చలేరు.